ఫోటోలో కనబడనిది అంకెలో దొరుకుతుందా?



మా సంఘములో ఇరవై రెండేళ్ళ యువకుడొకరు ఉన్నారు. పదకొండో ఏట నుండి అతనికి మూర్ఛ. ఇన్నేళ్ళలో మూడు ఊళ్ళలో, మూడు వేర్వేరు సెంటర్లలో మెదడుకు ఎంఆర్ఐ తీయించారు. మూడుసార్లూ రిపోర్టు చివర ఒకే మాట: నార్మల్. మాత్రలు మారుస్తున్నారు, మోతాదు పెంచుతున్నారు, అయినా నెలకు రెండు మూడుసార్లు ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. క్రిందటి నెలలో అతని తండ్రి ఆ మూడు పెద్ద కవర్లూ సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చారు.

"అయ్యగారూ, ఇన్ని వేలు పోసి తీయించిన ఫోటోలో ఏమీ లేదంటున్నారు. అంటే జబ్బు లేనట్టేనా? మరి ఊళ్ళో వాళ్ళు అంటున్నట్టు ఇది ఇంకేదైనానా?" అని అడిగారు.

ఆ "ఇంకేదైనా" అన్న మాట వెనుక ఏముందో మాకు తెలుసు, మీకూ తెలుసు. మూర్ఛ వచ్చిన బిడ్డను దయ్యము పట్టినవాడని ఎంచి, మాత్రలు మాన్పించి, ఊరూరా కూటములకు త్రిప్పిన కుటుంబాలను మేము చూశాము. "స్కానింగులో కూడా ఏమీ లేదట" అన్న మాట అలాంటి సలహాలకు బలమిస్తుంది. కాబట్టి ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు సరియైన జవాబు మనకందరికీ అవసరం. మేము వైద్యులము కాము. అడిగి, చదివి తెలుసుకున్నంతవరకు ఎంఆర్ఐ యంత్రం ఏమి చూడగలదు, ఏది చూడలేకపోతుంది, ఇప్పుడు అందులో ఎలాంటి మార్పు వస్తున్నది అన్న సంగతులు ఈ వారం మీతో పంచుకుంటున్నాము.

నుదుటి మీద చెయ్యి, చంకలో థర్మామీటరు

బిడ్డకు జ్వరం వస్తే తల్లి ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది. "కాలిపోతోంది" అనో "కొంచెం వెచ్చగా ఉంది" అనో చెబుతుంది. అది అబద్ధం కాదు. కాని ఆమె చెయ్యి చల్లగా ఉంటే ఒకలా, అప్పుడే పొయ్యి దగ్గర నుండి వచ్చి ఉంటే మరొకలా తెలుస్తుంది. నిన్నటికంటే ఈరోజు ఎంత తగ్గిందో చెయ్యి చెప్పలేదు. థర్మామీటరు 101 అంటే ఏ ఊళ్ళోనైనా, ఎవరు చూసినా 101.

మనకు ఆసుపత్రిలో ఇచ్చే మామూలు ఎంఆర్ఐ ఫిల్ము ఆ తల్లి చెయ్యి వంటిది. అందులో మెదడులోని ఒక భాగం తెల్లగా, ఒక భాగం బూడిద రంగులో, ఇంకొకటి నల్లగా కనబడుతుంది. పక్క భాగంతో పోల్చినప్పుడే ఆ తెలుపుకు, నలుపుకు అర్థం. ఈ యంత్రంలో వచ్చిన తెలుపు, మరొక కంపెనీ యంత్రంలో వచ్చిన తెలుపు ఒకటి కావు. తల చుట్టూ పెట్టే పరికరం మారినా, సెట్టింగు మారినా ఆ ఛాయ మారుతుంది. అందుకే మూడు ఊళ్ళ ఫిల్ములు పక్కపక్కన పెట్టి, "ఈ చోట మూడేళ్ళలో ఇంత మారింది" అని ఖచ్చితంగా చెప్పడం నిపుణులకు కూడా కష్టం.

మెదడులో ప్రతి చిన్న చోటుకూ ఛాయకు బదులు ఒక కొలత, ఒక అంకె ఇచ్చే ఎంఆర్ఐ కూడా ఉంది. దానిని క్వాంటిటేటివ్ ఎంఆర్ఐ అంటారు. మనం కొలతల ఎంఆర్ఐ అనుకోవచ్చు. ఇది థర్మామీటరు వంటిది.

ఆ అంకె ఎక్కడిది?

మన మెదడులో నాలుగింట మూడు వంతులు నీరే. నీటిలో హైడ్రోజన్ ఉంది. ఒక్కొక్క హైడ్రోజన్ కేంద్రకం చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఎంఆర్ఐ సొరంగం చుట్టూ ఉండే అయస్కాంతం బలం సాధారణంగా 1.5 లేక 3 టెస్లాలు. 3 టెస్లాలంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 60 వేల రెట్లు. ఆ బలానికి లోబడి ఈ చిన్న అయస్కాంతాలలో ఒక స్వల్పమైన వంతు ఒకే వైపుకు మొగ్గుతుంది. అప్పుడు యంత్రం ఒక రేడియో తరంగం పంపి వాటిని పక్కకు నెడుతుంది. 1.5 టెస్లా యంత్రంలో ఆ తరంగం దాదాపు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లా యంత్రంలో 128 మెగాహెర్ట్జ్. మన ఎఫ్ఎం రేడియో స్టేషన్లు ఈ రెంటికీ నడుమ, 88 నుండి 108లో ఉన్నాయి. అంటే ఇందులో ఎక్స్‌రే వంటి కిరణాలేమీ లేవు.

తరంగం ఆపగానే రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది, పక్కకు పడిన కేంద్రకాలు మెల్లగా తమ పాత స్థితికి తిరిగి వస్తాయి. ఉతికి ఆరేసిన బట్టలు తలుచుకోండి. పల్చని వాయిల్ చీర త్వరగా ఆరుతుంది, మందపాటి దుప్పటి ఆలస్యంగా ఆరుతుంది. అలాగే మెదడులో ఒక్కొక్క కణజాలానికి ఒక్కొక్క సమయం పడుతుంది. దీనిని టీ1 అంటారు. 3 టెస్లా యంత్రంలో మెదడులోని తెల్ల పదార్థానికి ఇది సుమారు 800 నుండి 900 మిల్లీసెకండ్లు, బూడిద పదార్థానికి 1300 పైమాట, మెదడు చుట్టూ ఉండే ద్రవానికి 4000 దగ్గర.

రెండవది, అన్నీ కలిసి ఒకే తాళంలో తిరుగుతున్న కేంద్రకాలు క్రమంగా తాళం తప్పుతాయి. డోలక్ ఆగిపోయిన తర్వాత సంఘమంతా పాట పాడుతున్నప్పుడు ముందు వరుస వారు ఒక చోట, వెనుక వరుస వారు ఒక చోట ఉంటారు చూడండి, అలాగన్నమాట. దానికి పట్టే సమయం టీ2. మెదడు కణజాలంలో ఇది చాలా తక్కువ, సుమారు 70 నుండి 110 మిల్లీసెకండ్లు.

కణజాలంలో వాపు వచ్చినా, నరాలపై ఉండే కొవ్వు పొర పలచబడినా, ఇనుము పేరుకున్నా ఈ సమయాలు మారతాయి. కంటికి ఛాయ మారినట్లు తెలియకముందే అంకె కదలవచ్చు. అదే ఈ కొలతల విలువ.

విశేషమేమంటే, ఎంఆర్ఐ చరిత్ర అంకెతోనే మొదలైంది. 1971లో అమెరికా వైద్యుడు రేమండ్ డామడియన్ ఎలుకల కణితులలో ఈ సమయాలు ఆరోగ్యకరమైన కణజాలంలో కంటే ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. అప్పటికి ఫోటో లేదు, కొలతే ఉంది. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సంకేతాలతో చిత్రం గీసే పద్ధతి చూపించారు. ఇంగ్లాండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వేగవంతం చేశారు. 2003లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రులలో చిత్రమే నిలిచింది, అంకె పరిశోధనశాలలో ఉండిపోయింది. అందుకు ముఖ్యమైన కారణం సమయం.

గంటల కొద్దీ ఎవరు పడుకుంటారు?

1977లో డామడియన్ బృందం తొలిసారి మనిషి ఛాతీని స్కాన్ చేసినప్పుడు ఒక్క చిత్రానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. నేడు మామూలు మెదడు స్కాన్ సాధారణంగా 20 నుండి 40 నిమిషాలలో అయిపోతుంది. కాని టీ1ను పాత పద్ధతిలో నిక్కచ్చిగా కొలవాలంటే ఒకసారి కదిలించి, పూర్తిగా కుదుటపడేవరకు ఆగి, మళ్ళీ కదిలించాలి. ఒక్కసారికి ఎనిమిది సెకండ్లు అనుకోండి. చిత్రం 256 వరుసలలో తయారవుతుంది. 256 ఎనిమిదులు 2048 సెకండ్లు, అంటే 34 నిమిషాలు. ఒక్క టీ1 అంకె రాబట్టడానికి ఇలాంటివి కనీసం ఐదారు కావాలి. దాదాపు మూడు గంటలో, అంతకంటే ఎక్కువో పడుతుంది.

దీనికి తోడు వివరం ఒక సమస్య. మెదడు పైపొర మందం రెండు నుండి నాలుగు మిల్లీమీటర్లే. మూర్ఛకు మూలమైన లోపాలు అనేకం ఆ పొరలోనే దాగి ఉంటాయి. యంత్రం ఒక మిల్లీమీటరు ముక్కలుగా చూస్తే ఆ పొర మందమంతా రెండు మూడు చుక్కలలో అయిపోతుంది. అర మిల్లీమీటరు ముక్కలుగా చూడాలంటే పొడవు సగం, వెడల్పు సగం, ఎత్తు సగం. అంటే ముక్క ఎనిమిదో వంతు అవుతుంది. అందులోని నీరూ ఎనిమిదో వంతు, సంకేతమూ ఎనిమిదో వంతే. ఆ లోటును మళ్ళీ మళ్ళీ కొలిచి సగటు తీసి పూడ్చాలంటే 64 రెట్ల సమయం కావాలి. ఐదు నిమిషాల పని ఐదు గంటల ఇరవై నిమిషాలవుతుంది.

అంతసేపు ఆ ఇరుకు సొరంగంలో, ఆ టకటక శబ్దంలో, తల కదలకుండా ఎవరు పడుకోగలరు? చిన్నపిల్లలకు మత్తు ఇవ్వవలసి వస్తుంది. వృద్ధులకు నడుము నొప్పి, దగ్గు. తల ఒక్క మిల్లీమీటరు కదిలినా అర మిల్లీమీటరు వివరం చెరిగిపోతుంది. కాబట్టి వేగం అనేది సౌకర్యం కోసం మాత్రమే కాదు. వేగం లేకపోతే వివరమూ లేదు, అంకె మీద నమ్మకమూ లేదు.

సమయాన్ని ఎలా తగ్గించారు?

పాతికేళ్ళకు పైగా ఈ ముడిని మూడు విధాలుగా విప్పుతూ వచ్చారు.

మొదటిది, వినే చెవులను పెంచడం. తల చుట్టూ ఒకటికి బదులు ఎన్నో చిన్న చిన్న గ్రాహకాలను అమర్చారు. వాటిని కాయిల్స్ అంటారు. ఒక్కొక్కటి తన దగ్గరి భాగాన్ని గట్టిగా, దూరపు భాగాన్ని మెల్లగా వింటుంది. ఈ తేడాను ఉపయోగించుకుంటే అన్ని వరుసలూ కొలవనక్కరలేదు. కొన్ని వదిలేసి, కంప్యూటరు లెక్కతో పూరించవచ్చు. 1997లో బోస్టన్‌లో, 1999లో జ్యూరిక్‌లో ఈ పద్ధతులు రూపుదిద్దుకున్నాయి. నేడు దాదాపు ప్రతి కొత్త యంత్రంలోనూ ఇవి ఉన్నాయి. సమయం సగానికో, మూడో వంతుకో తగ్గుతుంది.

రెండవది, అనవసరమైనది కొలవకపోవడం. ఒక చీరను ఫోనులో ఎవరికైనా వర్ణించవలసి వస్తే ఏమంటాము? "ఒళ్ళంతా ఆకుపచ్చ, అంచు మాత్రం ఎర్రటి జరీ" అంటాము. ప్రతి అంగుళమూ చెప్పము. మెదడు చిత్రంలో కూడా విశేషమంతా అంచులలోనే ఎక్కువ. 2007లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లస్టిగ్, డొనోహో, పాలీ అనే శాస్త్రజ్ఞులు ఈ గుణాన్ని ఎంఆర్ఐకి అన్వయించారు. కొలతలను వరుస తప్పించి, అక్కడొకటి ఇక్కడొకటిగా తీసుకొని, మిగిలినది గణితంతో రాబట్టవచ్చని చూపించారు.

మూడవది మన విషయానికి ముఖ్యమైనది. 2013లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ మా, మార్క్ గ్రిస్వోల్డ్, వారి సహచరులు "ఎంఆర్ ఫింగర్‌ప్రింటింగ్" అనే పద్ధతి ప్రకటించారు. ఫింగర్‌ప్రింట్ అంటే వేలిముద్ర. పాత పద్ధతిలో కదిలించి, కుదుటపడేవరకు కాచుకోవాలి గదా. వీరు కాచుకోవడమే మానేశారు. రేడియో తరంగం బలాన్ని, మధ్య విరామాన్ని క్షణక్షణానికీ మారుస్తూ వందల సార్లు కదిలించారు. ఆ కుదుపులకు ఒక్కొక్క కణజాలం తన టీ1, టీ2ను బట్టి ఒక్కొక్క రకంగా స్పందిస్తుంది. ఆ స్పందన గీతయే దాని వేలిముద్ర. ఏ టీ1, ఏ టీ2 ఉంటే గీత ఎలా ఉంటుందో కంప్యూటరు ముందే లెక్కకట్టి వేల కొద్దీ గీతలతో ఒక నిఘంటువు సిద్ధం చేస్తుంది. పోలీసులు దొరికిన వేలిముద్రను తమ దగ్గరున్న వాటితో సరిపోల్చినట్లు, ప్రతి చుక్క గీతనూ ఆ నిఘంటువులో వెదకి అంకె చెబుతుంది. మెదడులో ఒక అడ్డుకోతకు టీ1, టీ2, నీటి సాంద్రత మూడూ కలిపి సుమారు 12 సెకండ్లలో వచ్చాయి.

తొలి చిత్రాలు కొంత ముతకగానే ఉన్నాయి. ఆ తర్వాత సంవత్సరాలలో క్లీవ్‌లాండ్‌తో పాటు స్టాన్‌ఫోర్డ్, బోస్టన్ పరిశోధకులు పైన చెప్పిన మూడు మార్గాలనూ కలిపి, మెదడు మొత్తానికి ఒక మిల్లీమీటరు వివరంతో ఈ కొలతలను కొద్ది నిమిషాలలోకి తెచ్చారు. ఒకప్పుడు గంటలు పట్టిన పని అది.

పెద్ద అయస్కాంతంతో కూడా వివరం పెంచవచ్చు. ఫ్రాన్స్‌లో ఇసుల్ట్ అనే 11.7 టెస్లా యంత్రం 2024లో నాలుగు నిమిషాలలో 0.2 మిల్లీమీటరు వివరంతో మెదడు అడ్డుకోతలను చూపించింది. కాని దాని అయస్కాంతం బరువు 132 టన్నులు. అది మన జిల్లా కేంద్రానికి రాదు. పైన చెప్పిన పద్ధతులలో ఎక్కువ భాగం లెక్కలోనే ఉంది. లెక్క అయితే ఇప్పుడున్న యంత్రాలలోకి కూడా రాగలదు. మనకు ఆశ కలిగించేది అదే.

ఎవరికి మేలు? ఎక్కడ జాగ్రత్త?

తల్లి గర్భంలో మెదడు రూపొందుతున్నప్పుడు పైపొరలో ఒక చిన్న చోట కణాలు వరుస తప్పి అమరవచ్చు. బయటికి ఏ గుర్తూ ఉండదు. కాని అక్కడి నుండే మూర్ఛ పుడుతుంది. మాత్రలకు లొంగని మూర్ఛకు ఇది ఒక ముఖ్యమైన కారణం. ఇలాంటి లోపం మామూలు ఫిల్ములో తప్పిపోవడం అరుదు కాదు. ఆ చోటు ఖచ్చితంగా దొరికితే శస్త్రచికిత్సకు దారి తెరుచుకుంటుంది, అది ఫలించే అవకాశమూ పెరుగుతుంది. అందుకే క్లీవ్‌లాండ్‌లో ఫింగర్‌ప్రింటింగ్‌ను మూర్ఛ రోగుల మీద పరీక్షించిన వారు ఉన్నారు. మల్టిపుల్ స్క్లిరోసిస్ వంటి నరాల వ్యాధులలో మందు పని చేస్తున్నదా లేదా అని ఏటేటా చూసుకోవడానికి, వృద్ధాప్యంలో మెదడులో వచ్చే మార్పులను గమనించడానికి కూడా అంకె పనికివస్తుంది. రోగిని ఇతరులతో కాదు, నిన్నటి తనతోనే పోల్చవచ్చు.

అయితే ఇంత మంచి వార్తను అతిశయోక్తిగా చెప్పడం న్యాయం కాదు. టీ1ను కొలిచే వేర్వేరు పద్ధతులు ఒకే మనిషిలో కొంచెం వేర్వేరు అంకెలు ఇస్తాయి. అన్ని థర్మామీటర్లూ ఒకేలా చూపేటట్లు చేయడానికి, తెలిసిన విలువలున్న ద్రవాలు నింపిన నమూనా గోళాలను స్కాన్ చేసి యంత్రాలను సరిచూస్తున్నారు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. వదిలేసిన కొలతలను కృత్రిమ మేధ చేత పూరిస్తే చిత్రం నున్నగా, అందంగా వస్తుంది. కాని ఒక్కోసారి లేనిది ఉన్నట్లు చూపవచ్చు, ఉన్న చిన్న లోపాన్ని తుడిచేయవచ్చు. చివరికి, అంకె మారినంత మాత్రాన అది ఏ జబ్బో తేలదు. వాపైనా, వయస్సైనా, మరేదైనా అదే అంకెను మార్చవచ్చు. వైద్యుడు రోగిని చూసి, ఈఈజీ చూసి, అప్పుడు చెప్పాలి. ఇక మన చుట్టూ ఉన్న స్కానింగు సెంటర్లలో ఈ కొలతల పద్ధతి ఇంకా నిత్యకృత్యం కాలేదు. "కొత్త స్కాన్ ఉందట, తీయండి" అని అడిగి డబ్బు ఖర్చు చేయమని మేము చెప్పడం లేదు.

ఆ తండ్రికి ఇచ్చిన జవాబు

మేము ఆయనకు చెప్పినది ఇది. ఫిల్ములో నార్మల్ అంటే, ఆ యంత్రం ఆ రోజు ఆ వివరంతో చూసినప్పుడు లోపం కనబడలేదని మాత్రమే. జబ్బు లేదని కాదు. ఇది మరేదో అని అంతకంటే కాదు. చూసే సాధనం ఇంకా పదునెక్కుతూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరియైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బ్రతకగలరు. ఆయన కుమారునిలా మాత్రలకు లొంగని వారికి తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ, బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి చోట్ల ప్రత్యేకమైన మూర్ఛ చికిత్స విభాగాలు ఉన్నాయి. అక్కడ మూర్ఛ కోసమే ప్రత్యేకంగా స్కాన్ తీసి, దానినే చూసి చూసి అలవాటుపడిన కళ్ళతో చదువుతారు. మామూలు స్కానులో తప్పిపోయినది ఆ చదువులో దొరికిన సందర్భాలు ఉన్నాయి.

సంఘ పెద్దలకు, తోటి సేవకులకు మా మనవి. మూర్ఛ ఉన్నవారి కోసం ప్రార్థన మానమని ఎవరూ అనరు. మాత్ర మాన్పించవద్దని మాత్రం బ్రతిమాలుకుంటున్నాము. ఒక్కసారిగా మాత్ర ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. స్కానులో ఏమీ లేదన్న మాటను ఆధారంగా చేసుకొని ఏ బిడ్డ మీదా ముద్ర వేయవద్దు.

స్కానుకు వెళ్ళేవారు పేస్‌మేకరు, క్లిప్పులు, ఒంట్లో ఏ లోహమున్నా ముందే చెప్పండి. లోపల వీలైనంత కదలకుండా ఉండండి. ఫిల్ముతో పాటు సీడీ తప్పక అడిగి తీసుకొని భద్రపరచండి. ఫిల్ము మీద కొన్ని ఎంపిక చేసిన చిత్రాలే ఉంటాయి. అసలు సమాచారమంతా సీడీలో ఉంటుంది. రేపు మెరుగైన కళ్ళు వచ్చినప్పుడు పాత సీడీ మళ్ళీ పనికిరావచ్చు.

మా యువకుని విషయంలో మూడు స్కానులకు గాను ఒక్క సీడీయే మిగిలింది. ఒక సెంటర్లో ఇవ్వలేదు, ఒకటి ఇల్లు మారినప్పుడు పోయింది. వచ్చే నెలలో ఆ తండ్రీకొడుకులతో కలిసి మేము తిరువనంతపురం బయలుదేరుతున్నాము. మూడు కవర్లతో పాటు ఆ సీడీ కూడా సంచిలో పెట్టమని చెప్పాము.